ఫోరెన్సిక్ కెమిస్ట్రీ డిగ్రీలో ఏం చదువుతారు? లంచం కేసు గులాబీ నీళ్ల నుంచి లడ్డూ నెయ్యి రిపోర్టు దాకా

ఇంటర్ ఫలితాలు రాగానే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో మొదలయ్యే చర్చలోకి ఈమధ్య ఒక కొత్త కోర్సు వచ్చి చేరింది. నీట్‌లో ర్యాంకు దూరమైపోయిన బైపీసీ పిల్లలు, ఇంజినీరింగ్ వద్దనుకున్న ఎంపీసీ పిల్లలు 'ఫోరెన్సిక్ చదువుతా' అంటున్నారు. చెన్నై, బెంగళూరు రెండూ మనకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊళ్లే కాబట్టి అక్కడి ప్రైవేటు కాలేజీల కరపత్రాలు ఇక్కడికి ధారాళంగా వస్తాయి. వాటి మీద భూతద్దం, వేలిముద్ర, పచ్చటి పోలీసు టేపు తప్పనిసరి. లోపల సిలబస్ మాత్రం అర పేజీ. నాన్న 'ఉద్యోగం వస్తుందా' అంటాడు, అమ్మ 'శవాల దగ్గర పనా' అంటుంది, పిల్లకేమో టీవీలో చూసిన తెల్లకోటు గుర్తొస్తూ ఉంటుంది.

వీటికి జవాబు కావాలంటే ముందు ఆ ల్యాబ్‌లో జరిగే పనేమిటో తెలియాలి. అది తెలిశాక డిగ్రీ పేరు కన్నా డిగ్రీలో ఎంత కెమిస్ట్రీ ఉందన్న ప్రశ్నే పెద్దదిగా కనబడుతుంది.

ఇప్పుడే ఎందుకింత గిరాకీ

2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దాని 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరం జరిగితే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఆ పనంతా వీడియో తీయాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా వెసులుబాటు ఇచ్చారు. సొంత ఏర్పాటు లేని రాష్ట్రం ఈలోపు వేరే రాష్ట్రం ల్యాబ్‌ను వాడుకోవచ్చు. అదే ఏడాది జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఫోరెన్సిక్ మౌలిక వసతుల పథకానికి 2,254.43 కోట్ల రూపాయలు ఆమోదించింది. కొత్త కేంద్ర ల్యాబ్‌లు, జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీకి కొత్త క్యాంపస్‌లు అందులో భాగం. గాంధీనగర్‌లోని ఆ యూనివర్సిటీకి 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ హోదా వచ్చింది.

'ఇక ప్రతి జిల్లాలో వందల ఉద్యోగాలు' అనే ప్రచారం ఇక్కడి నుంచే పుట్టింది. చట్టం అవసరాన్ని పెంచిన మాట నిజమే. అయితే అవసరం ఉన్నంత మాత్రాన పోస్టు రాదు. రాష్ట్ర ప్రభుత్వం మంజూరు చేయాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, నోటిఫికేషన్ రావాలి. పైగా ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించే పని వేరు, వాటిని ల్యాబ్‌లో పరీక్షించే కెమిస్టు పని వేరు.

డాక్టరు వేరు, కెమిస్టు వేరు

ముందు అమ్మ ప్రశ్న తేల్చేద్దాం. పోస్టుమార్టం చేసేది ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరు. దానికి ఎంబీబీఎస్ చదివి, తర్వాత ఎండీ చేయాలి. తిరుపతిలో ఆ పని రుయా మార్చురీలో జరుగుతుంది. ఫోరెన్సిక్ కెమిస్టు అక్కడ ఉండడు. అతని బల్ల మీదికి వచ్చేవి సీల్ వేసిన సీసాలు, కవర్లు, డబ్బాలు. వాటిలో ఏముందో, ఎంతుందో తేల్చి రాసివ్వడమే అతని పని. శరీర భాగాల్లో విషాన్ని వెతికేవాళ్లను టాక్సికాలజిస్టులంటారు. వాళ్లదీ ప్రధానంగా కెమిస్ట్రీయే. డీఎన్‌ఏ, రక్తం, వెంట్రుకలు బయాలజీ విభాగానికి, తుపాకీ గుండ్లు బాలిస్టిక్స్‌కు, దొంగ సంతకాలు డాక్యుమెంట్ల విభాగానికి వెళ్తాయి.

మన దేశంలో డిగ్రీ స్థాయిలో ఎక్కువగా ఉన్నది బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్. అందులో ఈ విభాగాలన్నీ తలా కొంచెం ఉంటాయి. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఫోరెన్సిక్ కెమిస్ట్రీ పేరుతోనే బ్యాచిలర్ డిగ్రీ నడుపుతాయి. అది దాదాపుగా పూర్తి కెమిస్ట్రీ డిగ్రీ, దానికి తోడు చట్టం, టాక్సికాలజీ, సాక్ష్యాలను భద్రపరిచే పద్ధతులు. రెండింటి పేర్లూ దగ్గరదగ్గరగా ఉన్నా, డిగ్రీ తర్వాత చేతికొచ్చే పనితనం మాత్రం ఒకటి కాదు.

లంచం కేసులో వేళ్లు గులాబీ రంగుకు ఎందుకు మారతాయి

ఫోరెన్సిక్ కెమిస్ట్రీ అంటే ఏమిటో చెప్పడానికి ఏసీబీ ట్రాప్‌ను మించిన ఉదాహరణ లేదు. ఇంటర్ ల్యాబ్‌లో యాసిడ్, బేస్ టైట్రేషన్ చేసిన ప్రతి పిల్లకూ ఇందులోని రసాయనం తెలుసు.

ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. కంటికి తెల్లగా, గుర్తు పట్టనంత పలచగా ఉంటుంది. అధికారి ఆ డబ్బు తీసుకున్నాక సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో అతని వేళ్లు ముంచుతారు. కుడి చేతికి ఒక గ్లాసు, ఎడమ చేతికి ఒక గ్లాసు. ఫినాఫ్తలీన్‌కు మామూలు నీళ్లలో రంగుండదు. పీహెచ్ 8 దాటి క్షారగుణం పెరిగితే గులాబీ రంగుకు తిరుగుతుంది. సోడియం కార్బొనేట్ నీళ్ల పీహెచ్ 11 దగ్గర ఉంటుంది కాబట్టి వేళ్లకు ఏమాత్రం పొడి అంటినా రంగు వచ్చేస్తుంది. ఆ నీళ్లను సీసాల్లో పోసి, సీల్ వేసి, చీటీల మీద సంతకాలు పెట్టించి ల్యాబ్‌కు పంపుతారు.

పేపర్లో వచ్చే కథ ఇక్కడితో అయిపోతుంది. కెమిస్టు పని ఇక్కడ మొదలవుతుంది. సీసా ల్యాబ్‌కు చేరేసరికి రంగు వెలిసిపోయి ఉండవచ్చు. క్షారంలో చాలాకాలం ఉంటే ఈ రంగు నిలవదు. అప్పుడు యాసిడ్, క్షారం మార్చి మార్చి వేసి చూస్తారు. పలచటి సిలికా పూత ఉన్న ప్లేటు మీద ఈ ద్రావణం చుక్కనూ అసలు ఫినాఫ్తలీన్ చుక్కనూ పక్కపక్కనే నడిపించి రెండూ ఒకే ఎత్తుకు ఎక్కుతున్నాయా అని చూస్తారు. క్షారంలో అది 550 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి పరికరంలో పెట్టి ఆ గ్రాఫ్ కూడా తీయవచ్చు.

ఇంకో ముఖ్యమైన మెట్టు ఉంది. ట్రాప్‌కు ముందే ఖాళీ సోడియం కార్బొనేట్ నీళ్లలో రంగు రాలేదని, ట్రాప్ బృందంలోని వాళ్ల చేతులు ముంచినా రాలేదని మధ్యవర్తులకు చూపిస్తారు. కెమిస్ట్రీ భాషలో దాన్ని బ్లాంక్ అంటారు. ఫలితం మన గ్లాసు వల్లో మన చేతుల వల్లో రాలేదని నిరూపించేది అదే. డిగ్రీలో విసుగు పుట్టించేంతగా చేయించే ఈ బ్లాంకే, డిఫెన్సు లాయరు మొదటగా వెతికే చోటు కూడా.

మరి గులాబీ రంగు వస్తే లంచం తీసుకున్నట్టేనా? కాదు. పొడి వేళ్లకు అంటిందని మాత్రమే అది చెబుతుంది. డబ్బు అడిగి తీసుకున్నాడా, బలవంతంగా చేతిలో పెట్టారా, షేక్‌హ్యాండ్ ఇస్తే అంటిందా అన్నది రసాయనానికి తెలియదు. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లంచం అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావాల్సిందేనని చెప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, అడ్డం తిరిగినా వాటిని వేరే సాక్ష్యాలతో రుజువు చేయవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. రసాయన పరీక్ష ఆ సాక్ష్యాల్లో ఒకటి, అంతే.

విసెరా రిపోర్టు: 'దొరకలేదు' అంటే 'లేదు' అని కాదు

మన పల్లెల్లో ఫోరెన్సిక్ ల్యాబ్ పేరు వినబడేది ఎక్కువగా పురుగుమందు చావుల్లోనే. పోస్టుమార్టం అయిపోతుంది, కర్మకాండలూ అయిపోతాయి, ఇన్సూరెన్సు కాగితాల దగ్గర మాత్రం 'విసెరా రిపోర్టు రావాలి' అని ఆగిపోతుంది.

విసెరా అంటే శరీరం లోపలి అవయవాలు. డాక్టరు కడుపును అందులో ఉన్నదానితో సహా, పేగు ముక్కతో కలిపి ఒక సీసాలో పెడతారు. కాలేయం, మూత్రపిండాల భాగాలు ఇంకో సీసాలో, రక్తం వేరుగా. చెడిపోకుండా ఎక్కువగా పోసేది ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు. ఫార్మలిన్ పోయరు, పోస్తే కణజాలం బిగుసుకుపోయి విషాన్ని బయటికి లాగడం కష్టమవుతుంది. సీసాను నిండా నింపరు, లోపల గ్యాసు పుడితే పగులుతుంది. వాడిన ఉప్పునీళ్లు కొన్ని విడిగా ఇంకో సీసాలో పంపుతారు. ఆ నీళ్లలోనే ఏదైనా కలిసి ఉంటే తెలియాలి కదా. ఇదీ బ్లాంకే.

ల్యాబ్‌లో ఆ కణజాలాన్ని నూరి, ద్రావకాలతో విషాన్ని వేరు చేసి, ముందు ప్లేటు మీద, తర్వాత పదార్థాలను విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలించిన పరికరంలో చూస్తారు. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు అక్కడ తమ పేరు చెబుతాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ అణువును ముక్కలు చేసి ఆ ముక్కల బరువులు చూపిస్తుంది. ఏ పదార్థానికి ఆ ముక్కల వరస దాదాపు దానిదే.

ఇప్పుడు చిక్కు. ఒక మనిషి మందు తాగాక ఆసుపత్రిలో కడుపు కడిగారు, విరుగుడు ఇచ్చారు, వారం తర్వాత చనిపోయాడు అనుకుందాం. అప్పటికి శరీరం ఆ విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపేసి ఉండవచ్చు. రిపోర్టులో 'విషపదార్థం కనుగొనబడలేదు' అని వస్తుంది. ఇంటివాళ్లు దాన్ని 'విషం తాగలేదట' అని చదువుకుంటారు. కెమిస్టు రాసింది అది కాదు. తన పద్ధతి పట్టగలిగినంతలో, తన దగ్గరికి వచ్చిన ముక్కల్లో కనబడలేదని మాత్రమే. ఒక పద్ధతి కనీసం ఎంత మోతాదును పట్టగలదో ఆ హద్దును కనుక్కోవడం డిగ్రీలో ఒక చిన్న చాప్టరు. నా మట్టుకు సిలబస్ మొత్తంలో అతి ముఖ్యమైనది అదే.

లడ్డూ నెయ్యి రిపోర్టులో నిజంగా ఏముంటుంది

2024 జూలైలో తిరుమలకు సరఫరా అయిన నెయ్యి నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) కాఫ్ ల్యాబ్‌కు పంపారు. సెప్టెంబరులో ఆ రిపోర్టు బయటికొచ్చాక, లడ్డూ నెయ్యిలో పశువుల కొవ్వు కలిసిందా అంటూ జరిగిన గొడవ తిరుపతిలో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. అక్టోబరు 4న సుప్రీంకోర్టు సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా సంస్థ అధికారులతో స్వతంత్ర దర్యాప్తు బృందం వేయమంది. రాజకీయం పక్కన పెట్టి, ఇక్కడ కెమిస్ట్రీ మాత్రం చూద్దాం. కోర్సు దేని గురించో ఇంత బాగా చెప్పే కాగితం ఇంకోటి దొరకదు.

నెయ్యి కొవ్వు అంతా ఒకే రకం అణువు కాదు. చిన్నవి, మధ్యరకం, పెద్దవి కలగలిసి ఉంటాయి. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ వాటిని విడదీస్తుంది. అలిపిరి దగ్గర ఒకేసారి నడక మొదలుపెట్టిన గుంపు 3,550 మెట్లూ ఎక్కి కొండమీదికి ఒకేసారి చేరదు. కుర్రాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. వేడి చేసిన సన్నటి పొడవాటి గొట్టంలో అణువులూ అంతే, తేలికవి ముందు, బరువైనవి వెనక బయటపడతాయి. ఎప్పుడు ఎంత బయటికొచ్చిందో గ్రాఫ్‌లో శిఖరాలుగా కనబడుతుంది.

పాలకొవ్వులో ఈ శిఖరాల నిష్పత్తి ఒక హద్దులో ఉంటుంది. ఆ నిష్పత్తులను ఐదు సమీకరణాల్లో పెడితే ఐదు అంకెలు వస్తాయి. వాటినే ఎస్-వాల్యూలంటారు. స్వచ్ఛమైన పాలకొవ్వుకు అన్నీ 100కు దగ్గరగా రావాలి. మొదటిదానికి హద్దు 98.05 నుంచి 101.95, మూడోదానికి 95.90 నుంచి 104.10. హద్దు దాటితే వేరే కొవ్వు కలిసిందన్న అనుమానం గట్టిపడుతుంది. మొదటి సమీకరణం సోయా, పొద్దుతిరుగుడు లాంటి నూనెలను, చేపనూనెను బాగా పడుతుంది. రెండోది కొబ్బరి, పామ్ కెర్నల్ నూనెలను, నాలుగోది పంది కొవ్వును. మూడోది పామాయిల్‌ను, పశువుల కొవ్వును రెండింటినీ కలిపి చూస్తుంది.

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. మూడో అంకె ఒక్కటే చూసి కలిసింది పామాయిలా, పశువుల కొవ్వా అని విడదీయలేం. దానికి వేరే పరీక్షలు కావాలి. ఉదాహరణకు మొక్కల నూనెల్లో ఉండే స్టెరాల్స్ వేరు, జంతువుల కొవ్వులో ఉండే కొలెస్ట్రాల్ వేరు, ఆ తేడాను వెతకవచ్చు. పైగా ఆవులకు మేత సరిగ్గా లేకపోయినా, నూనెలు ఎక్కువగా తినిపించినా, జున్నుపాలైనా అంకెలు తప్పుగా హద్దు దాటే అవకాశం ఉందని ఆ రిపోర్టులోనే రాసి ఉంది. టీవీ చర్చల్లో ఒక వర్గం రిపోర్టులోని, కలిసి ఉండగల కొవ్వుల జాబితాను మాత్రమే చదివింది, ఇంకో వర్గం ఈ మినహాయింపులను మాత్రమే చదివింది. రెండూ కలిపి చదవడమే ఫోరెన్సిక్ కెమిస్టు చదువు. ఆ మినహాయింపులు 'ఏమీ కలవలేదు' అని చెప్పవు, జాబితా 'ఇవన్నీ కలిశాయి' అని చెప్పదు.

300 గ్రాముల లెక్క: కెమిస్టు అంకె మీద పదేళ్ల జైలు

మత్తు పదార్థాల కేసుల్లో కెమిస్టు ఇచ్చే అంకెకు నేరుగా శిక్షతో లంకె ఉంటుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం హెరాయిన్‌కు 5 గ్రాముల వరకు చిన్న మోతాదు, 250 గ్రాములు ఆపైన వాణిజ్య మోతాదు. గంజాయికి అవి 1 కిలో, 20 కిలోలు. వాణిజ్య మోతాదైతే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు.

ఒకరి దగ్గర 300 గ్రాముల పొడి దొరికిందనుకుందాం. ల్యాబ్ పరీక్షలో అందులో అసలు హెరాయిన్ 8 శాతమే అని తేలింది, మిగతాది కల్తీ పొడి. అంటే శుద్ధమైన సరుకు 24 గ్రాములు. 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఈ 24 గ్రాములనే లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు కేసు మధ్యరకం మోతాదులో పడుతుంది, పదేళ్లు గరిష్ఠ శిక్ష. 2020లో హీరాసింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసి, కల్తీతో సహా మొత్తం బరువు చూడాలంది. ఇప్పుడు అదే పొడి 300 గ్రాములు, వాణిజ్య మోతాదు. నిన్నటి దాకా గరిష్ఠమైన పదేళ్లు ఇవాళ కనీస శిక్ష.

గంజాయిలో ఇంకో తిరకాసు. చట్టం గంజాయి అని పిలిచేది పూత, కాయ ఉన్న చివళ్లను. అవి లేకుండా ఉత్త ఆకులు, విత్తనాలు ఉంటే దాని కిందికి రావు. రేణిగుంట జంక్షన్‌లో సంచి పట్టుబడ్డప్పుడు కాండం, ఆకు, పూత అన్నీ కలిపి తూచారా అని కోర్టులో వాదన నడిచేది అందుకే. సంచిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఉందని ల్యాబ్ తేల్చినంత మాత్రాన ఆ వాదన ముగియదు.

రంగు పరీక్షల హద్దు కూడా ఇక్కడే నేర్చుకుంటారు. మార్క్విస్ ద్రావణం హెరాయిన్‌తో ఊదా రంగు, యాంఫిటమిన్‌తో నారింజ రంగు ఇస్తుంది. కానీ అలాంటి రంగు ఇచ్చే వేరే పదార్థాలూ ఉన్నాయి. అందుకే అది అనుమానాన్ని చూపే పరీక్ష మాత్రమే. నిర్ధారణకు మాస్ స్పెక్ట్రోమీటరో, ఇన్‌ఫ్రారెడ్ పరికరమో కావాలి. తమాషా ఏమిటంటే ఏసీబీ వాళ్ల ఫినాఫ్తలీన్‌నే ఇంకో రూపంలోకి మార్చి రక్తపు మరకలు పట్టడానికి వాడతారు. కొన్ని కూరగాయల్లోని ఎంజైములు కూడా అక్కడ అదే గులాబీ రంగు ఇస్తాయి.

శేషాచలం ఎర్రచందనం: కెమిస్ట్రీ ఒక్కటే చాలని చోటు

ఎర్రచందనానికి ఆ రంగునిచ్చేది శాంటలిన్ అనే వర్ణకం. దాన్ని పట్టగానే ఎర్రచందనమని రాసేయవచ్చనిపిస్తుంది. అయితే అదే ప్రజాతికి చెందిన ఆఫ్రికా పడౌక్ చెట్టులోనూ శాంటలిన్‌లు ఉన్నాయి. కాబట్టి చెక్కను పలచగా కోసి మైక్రోస్కోపులో కణాల అమరిక కూడా చూడాలి. కంటెయినర్‌లో పొడిగానో చిన్న ముక్కలుగానో దొరికితే పని మరీ కష్టం.

సిలబస్‌లో ఉండేవి, ఉండాల్సినవి

మంచి కోర్సులో మొదటి రెండేళ్లు మామూలు కెమిస్ట్రీ డిగ్రీకి పెద్ద తేడా ఉండదు. ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, వాటి మీద విశ్లేషణ రసాయనశాస్త్రం. తర్వాత పరికరాలు: క్రొమటోగ్రఫీ, స్పెక్ట్రోస్కోపీ, లోహ విషాలకు అటామిక్ అబ్సార్ప్షన్. ఆపైన టాక్సికాలజీ, మత్తు పదార్థాలు, పేలుడు పదార్థాలు, రంగులు, నారలు, మంటల అవశేషాలు.

మంటల అవశేషాల సంగతి ఒక్కటి దగ్గరగా చూద్దాం. కాలిన చీర ముక్క వచ్చింది. స్టవ్ పేలిందని అత్తగారిల్లు, కిరోసిన్ పోశారని పుట్టిల్లు. ఆ ముక్కను సీల్ వేసిన డబ్బాలో వేడి చేసి, పైకి లేచిన ఆవిరిని క్రొమటోగ్రాఫ్‌లోకి పంపుతారు. కిరోసిన్‌లో సుమారు 9 నుంచి 16 కార్బన్ల హైడ్రోకార్బన్లు ఉంటాయి, పెట్రోలు అంతకన్నా తేలిక. శిఖరాల వరస చూస్తే ఏది అన్నది తెలుస్తుంది. కానీ కానిస్టేబులు ఆ చీరను మామూలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంపి ఉంటే ఆవిరి దారిలోనే జారిపోయి ఉంటుంది. గాలి చొరని డబ్బాయే వాడాలి. ఇక కిరోసిన్ ఉందని తేలినా, స్టవ్‌లోంచి చిందిందా, ఎవరైనా పోశారా అన్నది దర్యాప్తు తేల్చాలి.

గణాంకశాస్త్రం, నాణ్యతా ప్రమాణాలు, సాక్ష్యం చేతులు మారిన ప్రతి చోటా రాతపూర్వక లెక్క, కోర్టులో చెప్పే తీరు కూడా కోర్సులో ఉంటాయి. 'సీసా మీ దగ్గరికి వచ్చినప్పుడు సీల్ ఎలా ఉంది? నమూనా సీలుతో పోల్చి చూశారా? ఎక్కడ రాశారు?' చిత్తూరు కోర్టు బోనులో కెమిస్టును అడిగే ప్రశ్నల్లో ఎక్కువ ఇలాంటివే. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంటే మాస్ స్పెక్ట్రోమీటరు ఎంత ఖరీదైనదైనా లాభం లేదు.

నిజాయితీ పేపరు కూడా కొన్ని కోర్సుల్లో ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ ప్రభుత్వ ల్యాబ్‌లో ఒక కెమిస్టు పరీక్షలు చేయకుండానే చేసినట్టు రాసిందని 2012లో బయటపడింది. ఆమె చేసిన ఇరవై ఒక్క వేలకు పైగా మత్తుమందుల కేసులను 2017లో కోర్టు కొట్టేయాల్సి వచ్చింది.

రెండు వాదనలు: ముందే ఫోరెన్సిక్కా, ముందు కెమిస్ట్రీయా

ఫోరెన్సిక్ డిగ్రీయే మేలనేవాళ్ల మాటలో బలం ఉంది. సీల్, సాక్ష్యం చేతులు మారిన రికార్డు, చట్టం, నేరస్థలం ఇవన్నీ పద్దెనిమిదేళ్ల వయసు నుంచే అలవాటైతే తర్వాత తప్పులు తగ్గుతాయి. నమూనా ఒక్కటే ఉంటుంది, పాడైతే మళ్లీ దొరకదన్న జాగ్రత్త మామూలు కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎవరూ నేర్పరు. అక్కడ టైట్రేషన్ తప్పితే ఇంకోసారి చేస్తారు. ఇష్టమున్న సబ్జెక్టయితే పిల్లలు కష్టపడతారన్నదీ నిజమే.

ముందు కెమిస్ట్రీ అనేవాళ్లదీ తీసిపారేసే మాట కాదు. ఆరు విభాగాలను తలా కొంచెం నేర్పే డిగ్రీలో కెమిస్ట్రీ పలచబడుతుంది. గ్రాఫ్‌లో అనుకోని శిఖరం వస్తే అదేమిటో చెప్పడానికి కావాల్సింది ఆర్గానిక్ కెమిస్ట్రీ లోతు. పైగా మందుల కంపెనీలు, ఆహార ల్యాబ్‌లు, కాలుష్య నియంత్రణ మండలి లాంటివన్నీ కెమిస్ట్రీ డిగ్రీని గుర్తిస్తాయి. ఫోరెన్సిక్ సైన్స్ అనే పేరు చూసి తటపటాయించేవాళ్లున్నారు. బ్రిటన్‌లో ఫోరెన్సిక్ డిగ్రీలు విపరీతంగా పెరిగిన కాలంలోనే 2012లో ప్రభుత్వ ఫోరెన్సిక్ సైన్స్ సర్వీసును మూసేశారు. చదివినవాళ్లు ఎక్కువ, కుర్చీలు తక్కువ అయ్యాయి.

అమెరికాలో దీనికి ఒక మధ్యేమార్గం వెతికారు. అక్కడి ఫోరెన్సిక్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంఘం ఒకటుంది. డిగ్రీలో కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్, గణితం ఇంతకు తగ్గకూడదని, ల్యాబ్ గంటలు ఇన్ని ఉండాలని అది పట్టుబడుతుంది. 2009లో అక్కడి జాతీయ అకాడమీ నివేదిక చాలా ఫోరెన్సిక్ పద్ధతుల శాస్త్రీయ పునాదినే ప్రశ్నించింది. విశ్లేషణ రసాయనశాస్త్రం మీద నిలబడ్డ పరీక్షలు మాత్రం, కంటితో పోల్చి చెప్పే పద్ధతుల కన్నా గట్టి నేల మీద ఉన్నాయంది.

నాకైతే రెండో వాదన వైపే కొంచెం మొగ్గు. కారణం తిరుపతిలోనే కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతిలో కెమిస్ట్రీని ముఖ్య సబ్జెక్టుగా చదివే వీలు కలిగింది. ఎస్వీ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీజీ ఉంది, ఐఐటీ, ఐసర్ రెండూ ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. ఇంట్లోంచి తిరుగుతూ కెమిస్ట్రీ గట్టిగా చదివి, పీజీలో ఫోరెన్సిక్ వైపు వెళ్లే దారి మన పిల్లలకు తెరిచే ఉంది. అయితే జాతీయ ఫోరెన్సిక్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో సీటు తెచ్చుకుని అక్కడి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుకు వెళ్లే పిల్ల సంగతి వేరు. అక్కడి పరికరాలు, శిక్షణ మామూలు కాలేజీలతో పోల్చేవి కావు. కరపత్రం అచ్చేసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఫొటో మాత్రమే ఉన్న కాలేజీ సంగతి ఇంకా వేరు.

డిగ్రీ తర్వాత తలుపులు ఎక్కడ తెరుచుకుంటాయి

తిరుపతిలో రాష్ట్ర పోలీసు శాఖ ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ ఉంది. ఎక్సైజ్ శాఖకు సారా, మద్యం పరీక్షించే ల్యాబ్‌లు వేరుగా ఉన్నాయి. వీటిలో కింది స్థాయి పోస్టు సాధారణంగా సైంటిఫిక్ అసిస్టెంటు. కేంద్ర ల్యాబ్‌ల్లో శాస్త్రీయ అధికారి పోస్టులకు ఎమ్మెస్సీతో పాటు అనుభవం అడగడం మామూలు. నోటిఫికేషన్లో 'కెమిస్ట్రీ' అని ఉంటుందా, 'ఫోరెన్సిక్ సైన్స్' కూడా చేర్చారా, 'డిగ్రీలో కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఉండాలి' అని షరతు పెట్టారా అన్నది ఒక్కో శాఖలో, ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. పేరులో ఫోరెన్సిక్ ఉన్న డిగ్రీ చేతిలో ఉండి కూడా ఆ ఒక్క లైను దగ్గర దరఖాస్తు ఆగిపోయేవాళ్లు ఉంటారు.

రిపోర్టు మీద సంతకం అంత త్వరగా రాదు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్, నిపుణుణ్ని బోనుకు పిలవకుండానే అతని రిపోర్టును సాక్ష్యంగా వాడుకునే వీలు కోర్టుకిచ్చింది. కావాలంటే పిలిపించే అధికారమూ ఉంది. ఆ నిపుణుల జాబితాలో ముఖ్యంగా ఉన్నది ప్రభుత్వ కెమికల్ ఎగ్జామినర్లు, ఫోరెన్సిక్ ల్యాబ్‌ల డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ స్థాయివాళ్లు, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసినవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు వాళ్ల కింద ఏళ్ల తరబడి నమూనాలు ఆడించాలి.

ప్రభుత్వ పోస్టు కోసం ఎదురుచూసే ఆ ఏళ్లలో ఎక్కువమంది చేసే పని మందుల కంపెనీల నాణ్యతా విభాగంలోనే. నాయుడుపేట వైపు, హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటివి ఉన్నాయి. అక్కడా అదే క్రొమటోగ్రాఫ్, అదే బ్లాంక్, అదే రిజిస్టరు. ఎమ్మెస్సీ చేసి, ఆహార పరీక్షల్లో అనుభవం ఉంటే ఫుడ్ ఎనలిస్టు పరీక్ష రాయవచ్చు. నెయ్యిలో ఏం కలిసిందో చట్టం ముందు సంతకం పెట్టి చెప్పే హక్కు ఆ పరీక్ష పాసైనవాళ్లకు, ప్రభుత్వం వాళ్లను ఎనలిస్టుగా నియమించాక వస్తుంది.